ఫాంటం మీట నొక్కే ముందు

నంద్యాలలో కొత్తగా సౌండు సిస్టం పెట్టుకున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వచ్చి, మంచం మీద కూర్చుని, టీ తాగి, "దస్తగిరి మామా, మాకు రెండు ముక్కలు చెప్పు" అంటారు. ఏం చెప్పాలి నా తలకాయ? మీ మిక్సరు మీద ఉన్నన్ని మీటలు మా కాలంలో నంద్యాల మొత్తం మీద లేవు. అందులో సగం దేనికో మీకే తెలియదు.

అయినా మీరు చేసే పని ఒకటి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గిటారు వాయించేవాడు తన సొంత యాంప్లిఫయరు పెట్టె తెచ్చుకుంటాడు. మీరు దాని వెనక ఏ సాకెట్టు కనిపిస్తే అందులోంచి తీగ లాగి మిక్సరుకు గుచ్చేస్తారు. మైకులకు కరెంటు పంపే ఫాంటం మీట ఎక్కి ఉందా, దిగి ఉందా అని చూడరు. అడిగితే "ఏం కాదు మామా, ఇప్పటి పెట్టెలు తట్టుకుంటాయి" అంటారు. కొన్ని తట్టుకుంటాయి. తట్టుకోని పెట్టెను ఒకదాన్ని నేను చూశాను. ఇది రాయడం దాని కోసమే. నా సంపాదన గురించి, నాకు కప్పిన శాలువాల గురించి రాయను. శాలువాలు ఎలుకలు కొరికేశాయి కూడా.

చేతులు కట్టుకుని నేర్చుకున్న పని

డెబ్బైల నాటికి మాది మైకు సెట్టు పని. సౌండు సిస్టం అనే మాట అప్పటికింకా మా ఊరు రాలేదు. నాలుగు బాకా స్పీకర్లు, రెండు మైకులు, ఒక యాంప్లిఫయరు, బ్యాటరీ. ఇదే సామాను. గోస్పాడులో పెళ్ళయినా, మహానందిలో ఉత్సవమైనా, ఆళ్ళగడ్డలో క్రైస్తవ సభయినా ఎద్దుల బండి మీదో, బస్సు టాపు మీదో ఎక్కించుకుని పోయేవాళ్ళం. ముందు చింతచెట్టుకో కరెంటు స్తంభానికో బాకా కట్టాలి. తర్వాత తీగ లాగాలి. ఆ తర్వాత పనంతా ఎదురుచూడటమే. మైకు సరిగ్గా పలికితే ఆ సభలో మేమున్నామని ఎవరికీ తెలియదు. కూసిందంటే మాత్రం వెయ్యి తలకాయలు మావైపు తిరుగుతాయి.

మా ఓనరు ఓబులేసన్న. ఆయన దగ్గర చేరేనాటికి నాకు మీసం మొలిచింది గానీ బుద్ధి మొలవలేదు. ఓబులేసన్న పొట్టి మనిషి, కోపిష్టి. మాట పుల్ల విరిచినట్టు ఉండేది. రేడియోలు బాగుచేస్తూ, వాటిలోనుంచే యాంప్లిఫయర్లు కట్టడం నేర్చుకున్నాడు. ఆయన కట్టిన సెట్టు విప్పి చూస్తే తీగలన్నీ దువ్విన జడలాగా ఉండేవి.

మొదటి పాఠం ఆయన చెప్పలేదు, కొట్టాడు. నేను వెలుగుతున్న సెట్టులో రెండు చేతులూ పెట్టాను. ఎడమ చేతి మీద స్క్రూడ్రైవరు పిడితో ఒక్కటిచ్చాడు.

"ఏమప్పా, నీకు పెండ్లి కావల్లా వద్దా? ఆ చెయ్యి ఎనక్కి పెట్టుకో. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు గుండెకాయలోనుంచి పోతాది."

అప్పటి నుంచి సెట్టు విప్పితే నా ఎడమ చెయ్యి దానంతటదే వీపు వెనక్కి పోతుంది. ఇప్పటికీ అన్నం కలుపుకునేటప్పుడు కూడా అట్లాగే పోతుందని మా ఇంటావిడ నవ్వుతుంది. మీరూ నేర్చుకోండి.

హమ్మింగు మీద పగ

ఓబులేసన్నకు లోకంలో ఒక్కటే శత్రువు ఉండేది. హమ్మింగు. మైకు ముందు ఎవరూ మాట్లాడనప్పుడు బాకాలో వచ్చే ఆ 'ఊఁ' అనే మోత. అది వింటే ఆయనకు పంటికింద రాయి పడినట్టు ఉండేది. తీగలు మార్చేవాడు, ఎర్తు వెతికేవాడు, ఎర్తు కోసం భూమిలో గునపం దించి నీళ్ళు పోయించేవాడు. పెళ్ళికొడుకు తాళి కట్టబోతుంటే కూడా "ఒక్క నిమిషం ఉండండప్పా" అనగల మనిషి.

కానీ ఆ పగకు కూడా ఒక హద్దు ఉండేది. పాణ్యంలో ఒక పెళ్ళి పాటకచేరీకి మాతోపాటు ఇంకొక సెట్టువాడు వచ్చాడు. వాడి యాంప్లిఫయరు మోత పెడుతోంది. వాడు కటింగు ప్లేరు తీసి ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను కత్తిరించి పారేశాడు. మోత ఆగిపోయింది. వాడు మావైపు చూసి మీసం దువ్వాడు. పాటగాడు వచ్చి మైకు పట్టుకుని, పెదవి ఆనించాడో లేదో, ఎవరో చెంప మీద కొట్టినట్టు వెనక్కి పడ్డాడు. దేవుని దయ, బతికాడు. పెదవి మాత్రం వాచి, ఆ పెళ్ళిలో ఇంక పాట లేదు.

ఓబులేసన్న ఆ సెట్టువాడి చొక్కా పట్టుకున్నాడు.

"మోతొస్తే ఏమైతాదిరా? చెవు నొస్తాది. ఎర్తు పీకితే మనిషి పోతాడు. మోత ఉండనీరా కొడకా, మనిషి ఉండాల!"

'మోత ఉండనీ' అనే మాట ఆయన నోట విన్నది అదే మొదటిసారి. మీలో ఎవరైనా హమ్మింగు పోవాలని మూడో పిన్ను తీసేస్తే నా గడప తొక్కొద్దు. దానికి వేరే దారి ఉంది, తర్వాత చెప్తాను.

ఆళ్ళగడ్డ పెట్టె

దేవదానం మాస్టరు ఆళ్ళగడ్డలో ఎలిమెంటరీ బడి పంతులు. గిటారు ఎక్కడ నేర్చుకున్నాడో ఎవరినీ అడగనిచ్చేవాడు కాదు. ఆయన భార్య సుగుణమ్మ. నేను అక్కా అనేవాణ్ణి. మాస్టరు నోట్లో నాలుక లేని మనిషి, ఆమె దానికి సరిగ్గా వ్యతిరేకం. ఆమె పాడుతుంది, ఆయన వాయిస్తాడు. చర్చిలో, పెళ్ళిళ్ళలో, చుట్టుపక్కల పల్లెల్లో జరిగే కూడికల్లో వాళ్ళిద్దరూ లేకపోతే జనానికి తృప్తి ఉండేది కాదు.

గిటారు మామూలు చెక్క గిటారు. నలుగురిలో వినబడదు. మాస్టరు మద్రాసు నుంచి తీగల శబ్దం పట్టే చిన్న పికప్పు తెప్పించుకుని గిటారు పొట్టకు అంటించుకున్నాడు. దానికి తగిన పెట్టె కావాలని ఓబులేసన్న దగ్గరికి వచ్చాడు. ఓబులేసన్న మూడు నెలలు వేరే పని ముట్టలేదు. టేకు చెక్కతో పెట్టె, ముందు గోనెగుడ్డ, లోపల ఒకే స్పీకరు. మద్రాసులో పాతసామాన్ల బజారంతా గాలించి తెచ్చిన జర్మేనియం ట్రాన్సిస్టర్లు వేశాడు. పెట్టెకు రెండు సాకెట్లు పెట్టాడు. ఒకటి గిటారుకు, ఒకటి సుగుణమ్మక్క మైకుకు.

ఆ పెట్టెలోనుంచి గిటారు ఎట్లా వినిపించేదో రాయమంటే నాకు చేతకాదు. తీగ మీటిన చప్పుడు ముందు రాదు, గుండ్రంగా, వెచ్చగా లోపలినుంచి వచ్చేది. చలికాలం పొద్దున కప్పుకున్న దుప్పటి అంచు ముఖానికి తగిలినట్టు ఉండేది. ఎన్నో సెట్లు చూశాను, లక్షల సామాను ముట్టాను. ఆ శబ్దం మళ్ళీ వినలేదు. వినాలని ఉంది. ఈ వయసులో ఇంకేం కావాలి అని అడిగితే అదొక్కటే చెప్తాను.

ఆ పెట్టెలో ఒక లోపం ఉండేది. సుగుణమ్మక్క మైకు సాకెట్టు వైపు నాబు తిప్పితే సన్నగా మోత వచ్చేది. పెట్టె చిన్నది కావడంతో కరెంటు ట్రాన్స్‌ఫార్మరు పక్కనే మైకు ట్రాన్స్‌ఫార్మరు పెట్టాల్సి వచ్చింది. ఓబులేసన్నకు నిద్ర పట్టేది కాదు. ఆళ్ళగడ్డ పోయినప్పుడల్లా స్క్రూడ్రైవరు తీసేవాడు.

"విప్పనీ చెల్లెమ్మా, రేకు అడ్డం పెడతా."

"ఏం అవసరంల్యా అన్నా. మా మాస్టరు గురక కన్నా నయమే గదా."

"జనం ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు? నా పెట్టె నిద్రపోతాంది, ఇంగ నేను లేపల్ల. అంతే."

నిజంగానే ఆమె అట్లాగే చేసేది. మాస్టరు నాబు తిప్పగానే మోత మొదలయ్యేది. ఆమె వెంటనే పాడేది కాదు. ఆ మోతలో కొంచెంసేపు నిలబడి, జనాన్ని ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, అప్పుడు పాట ఎత్తుకునేది. జనానికి అలవాటైపోయింది. ఆ మోత వినబడగానే చంటిపిల్లల తల్లులు కూడా గమ్మునయ్యేవాళ్ళు.

తర్వాత సభలు పెద్దవయ్యాయి. పెట్టె శబ్దం బాకాల్లో కూడా రావాలని మాస్టరు అడిగితే, ఓబులేసన్న దాని వెనక ఇంకొక సాకెట్టు పెట్టి, లోపలినుంచి తీగ తెచ్చి మా పెద్ద యాంప్లిఫయరుకు కలిపాడు. మధ్యలో ఏ అడ్డూ లేదు. అప్పటి లెక్కకు అది తప్పు కాదు. మైకు సాకెట్టులోకి శబ్దం పోతుంది గానీ అందులోనుంచి కరెంటు ఎదురు వస్తుందని ఎవరికి తెలుసు?

ఎనభైల మధ్యలో సుగుణమ్మక్కకు కామెర్లు ముదిరాయి. పసరు మందులు, కర్నూలు పెద్దాసుపత్రి, అన్నీ అయ్యాయి. ఆమె పోయింది. మాస్టరు గిటారును గోడకు తగిలించాడు. పెట్టె మీద ఆమె పాత చీర కప్పాడు. బడికి పోయేవాడు, వచ్చేవాడు. అంతే.

ఎదురు పారే కరెంటు

ఆ రోజుల్లోనే ఓబులేసన్న మద్రాసు నుంచి పాత మిక్సరు ఒకటి కొనుక్కొచ్చాడు. నంద్యాలలో అటువంటిది అదే మొదటిది. దాని వెనకాల ఎర్ర మీట ఒకటి ఉంది. దాని పేరు ఫాంటం. అదేమిటో అమ్మినవాడికి సరిగా తెలియదు, కొన్న మాకు అసలే తెలియదు.

మీకు తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కొన్ని మైకులు ఊరికే పలకవు. వాటికి లోపల కరెంటు కావాలి. ఆ కరెంటును మిక్సరు మైకు తీగలోనుంచే పైకి పంపిస్తుంది, నలభై ఎనిమిది ఓల్టులు. శబ్దం ఇటు వస్తుంటుంది, కరెంటు అటు పోతుంటుంది, ఒకే తీగలో. మా కేసీ కాలువ కర్నూలు నుంచి నంద్యాలకు పారుతూనే, అదే కాలువలో నంద్యాల నుంచి కర్నూలుకు కూడా పారితే ఎట్లా ఉంటుంది? అదీ ఫాంటం. ఆ పాత మిక్సరులో ఒక్క మీట నొక్కితే అన్ని మైకు సాకెట్లకూ ఒకేసారి కరెంటు పోతుంది. ఒకదానికి ఇచ్చి ఒకదానికి ఆపడం కుదరదు.

మామూలు మైకుకు మంచి తీగ వేసి ఉంటే ఆ కరెంటు ఏమీ చెయ్యదు. కానీ ఆ సాకెట్టులో గుచ్చినది మైకు కాకుండా ఒక యాంప్లిఫయరు పెట్టె తోక, అంటే దాని వెనక సాకెట్టులోనుంచి వచ్చే తీగ, అయితే? ఆ కరెంటు వెనక దారిన ఇంట్లోకి దూరుతుంది.

ప్రార్థన సమయం

క్రైస్తవ సభల్లో మైకు పని చేసినవాళ్ళకు ఒక కిటుకు తెలుసు. ప్రార్థన మొదలుకాగానే అందరూ కళ్ళు మూసుకుంటారు. కళ్ళు తెరిచి ఉండేది మైకు సెట్టువాడొక్కడే. తీగ మార్చాలన్నా, మైకు జరపాలన్నా అదే సమయం. వేదిక మీద అటూ ఇటూ తిరిగి భక్తిలో ఉన్నవాళ్ళను ఇబ్బంది పెట్టడం ఓబులేసన్నకు ఇష్టం ఉండేది కాదు. ఆయన అహోబిలం నరసింహస్వామికి మొక్కే మనిషి, అయినా ఏ దేవుని సభలోనైనా చెప్పులు విడిచి, అడుగు చప్పుడు కాకుండా తిరిగేవాడు. "వాల్లు దేవునితో మాట్లాడ్తాండారు, మనం అడ్డం పోకూడదు" అనేవాడు. ఆ మర్యాదే కొంప ముంచింది.

సుగుణమ్మక్క పోయిన ఏడాదికి ఆళ్ళగడ్డలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మాస్టరు ఆ రోజు వాయిస్తానన్నాడు. ఏడాది తర్వాత మొదటిసారి. ఓబులేసన్నను పిలిపించి ఒకే మాట అడిగాడు.

"ఓబులేసూ, పాట ఎవరూ పాడరు. నేను వాయిస్తా. నాకు ఆ పెట్టె శబ్దం రావల్ల. ఆమె విన్న శబ్దం. ఇంకేం వద్దు."

"నేనుండా గదా మాస్టరూ" అన్నాడు ఓబులేసన్న.

సాయంత్రం ఎండ తగ్గకముందే పందిరి నిండింది. రోడ్డు అవతల రాతి శిల్పాలు చెక్కే షెడ్లలో ఉలి చప్పుడు కూడా వినపడుతోంది. ఓబులేసన్న పెట్టె మీది చీర తీసి, మడతపెట్టి మాస్టరు చేతికిచ్చాడు. పెట్టె తోకను మిక్సరు మైకు సాకెట్టులో గుచ్చి, మాస్టరుతో నాలుగు తీగలు మీటించాడు. బాకాల్లో ఆ శబ్దం వచ్చింది. వెనక వరుసలో ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పాటల బృందం కోసం ఎవరో హైదరాబాదు నుంచి కొత్త మైకు తెచ్చారు. అది పలకలేదు. తెచ్చిన అబ్బాయి మిక్సరు దగ్గరికి వచ్చి, "అన్నా, దీనికి ఫాంటం కావల్ల. ఆ ఎర్ర మీట ఎక్కిస్తే సాలు" అని చెప్పాడు. తప్పు చెప్పలేదు, ఆ మైకుకు అది కావాలి. పక్కన గుచ్చిన పెట్టె గురించి ఆ అబ్బాయికేం తెలుసు?

పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను వెనక బాకా దగ్గర ఉన్నాను, అక్కడినుంచి ఓబులేసన్న కనిపిస్తూనే ఉన్నాడు. ప్రార్థనలో టపామని చప్పుడు రాకూడదని ఆయన పెట్టె వాల్యూము, బృందం వాల్యూము పూర్తిగా దించాడు. ఎర్ర మీట నొక్కాడు. కొంచెంసేపు ఆగి మెల్లగా మళ్ళీ పైకెత్తాడు. అంత జాగ్రత్తగా, అంత మర్యాదగా చేశాడు. అందుకే పెట్టె చచ్చిపోయిన చప్పుడు ఎవరికీ వినపడలేదు.

బృందం పాడింది. కొత్త మైకు గంటలాగా పలికింది. ఓబులేసన్న నావైపు చూసి చెయ్యి ఊపాడు. తర్వాత మాస్టరు కుర్చీలో కూర్చుని, ఒళ్ళో గిటారు పెట్టుకుని, తీగ మీటాడు.

ఏమీ రాలేదు.

మళ్ళీ మీటాడు. పెట్టెలోనుంచి సన్నగా కాలిన వాసన వచ్చింది. మాస్టరు పెట్టె మీద అరచెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. ఓబులేసన్న పరుగున పోయి ప్లగ్గు పీకాడు. ఎర్ర మీట వైపు చూశాడు, పెట్టె తోక వైపు చూశాడు. ఆయనకు అంతా ఒక్కసారే అర్థమైంది.

తర్వాత ఆయన చేసింది నేను చచ్చేదాకా మరిచిపోను. బృందం ముందున్న కొత్త మైకును స్టాండు నుంచి ఊడబీకాడు. ఆ ఇనుప స్టాండు కూర్చున్న మనిషి గిటారుకు అందేంత కిందికి దిగదు. మోకాలి నొప్పి మనిషి, చాప మీద మోకాళ్ళూని, మైకును చేత్తో గిటారు ముందు పట్టుకున్నాడు.

"వాయించు మాస్టరూ. నేను పట్టుకుంటా."

"నాకు ఆ శబ్దం కావల్లని చెప్పినా గదా ఓబులేసూ."

"చెప్పినావు. పెట్టెను కాల్చింది నేనే. వాయించు."

మైకు ఆయన చేతిలోనే ఉంది, పలుకుతూనే ఉంది. 'కాల్చింది నేనే' అనే మాట నాలుగు బాకాల్లోనుంచి పందిరి మీదుగా, రోడ్డు మీదుగా పోయింది. అవతల ఉలి చప్పుళ్ళు ఆగిపోయాయి.

మాస్టరు వాయించాడు. కొత్త మైకు అన్నీ వినిపించింది. తీగ మీద వేలు జారిన చప్పుడు, మాస్టరు ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా. బాగాలేదని ఎవరూ అనలేరు. కానీ అది ఆమె విన్న శబ్దం కాదు. పాట అయిపోగానే మాస్టరు గిటారు భుజాన వేసుకుని, ఆమె చీర చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు. ఓబులేసన్న చెయ్యి తిమ్మిరెక్కి మైకు వదలడానికి రాకపోతే నేనే పోయి వేళ్ళు విడదీశాను.

ఎట్లా కలపాలంటే

పెట్టె విప్పి చూస్తే సంగతి తెలిసింది. తోక దగ్గరున్న చిన్న కెపాసిటరు పది ఓల్టులు మోసేది. దాని మీద ఎదురుగా నలభై ఎనిమిది పడ్డాయి. అది షార్టయింది. షార్టు కాగానే లోపలి లెక్కంతా తలకిందులై, ఓబులేసన్న ఏరితెచ్చిన ఆ ట్రాన్సిస్టర్లు రెండూ తమ కరెంటులో తామే కాలిపోయాయి. ఆ శబ్దం ఉన్నది వాటిలోనే.

ఓబులేసన్న ఆ తర్వాత ఒక చిన్న రేకు డబ్బా చేశాడు. లోపల ఒక ట్రాన్స్‌ఫార్మరు, చేత్తో చుట్టినది. పెట్టె ఒకవైపు, మిక్సరు ఒకవైపు, రెండిటి మధ్య తీగ కలవదు. శబ్దం మాత్రం దాటుతుంది, ఫాంటం కరెంటు దాటదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నిజమే. కానీ ఆ ఆకులు మీకు పనికొస్తాయి, వినండి. ఇప్పుడు దాన్ని మీరు డీఐ బాక్సు అంటారు. ట్రాన్స్‌ఫార్మరు ఉన్నదే కొనండి. గిటారు పెట్టెకూ మిక్సరు మైకు సాకెట్టుకూ మధ్య అది లేకుండా తీగ వేయొద్దు. హమ్మింగు వస్తే ఆ డబ్బా మీద గ్రౌండు లిఫ్టు అనే మీట ఉంటుంది, అది ఎత్తండి. ప్లగ్గులో ఎర్తు పిన్ను జోలికి మాత్రం పోవద్దు.

డబ్బా లేదా? మిక్సరులో లైను సాకెట్టు వేరే ఉంటుంది. మామూలుగా దానికి ఫాంటం రాదు. పెట్టె వెనక 'లైన్ అవుట్' అని రాసి ఉన్నదానిలోనుంచి తీసి అందులో గుచ్చండి. మైకూ లైనూ రెండూ ఒకే సాకెట్టులో కలిసిన మిక్సర్లు ఉంటాయి, వాటిలో ఏ ప్లగ్గు ఎక్కడికి పోతుందో ముందే చూసుకోండి. స్పీకరుకు పోయే సాకెట్టులోనుంచి తీసి మిక్సరుకు ఎప్పుడూ కలపొద్దు, ఈసారి కాలేది మీ మిక్సరే. ఇవేవీ కుదరకపోతే పెట్టె ముందు ఒక మైకు పెట్టండి. అవమానమేం కాదు.

తీగ గుచ్చేటప్పుడూ పీకేటప్పుడూ ఫాంటం దించి ఉండాలి, వాల్యూము దించి ఉండాలి. మీట దించిన వెంటనే పీకొద్దు, లోపల మిగిలిన కరెంటు దిగేదాకా కాసేపు ఆగండి. అన్నిటికన్నా ముఖ్యం, మీట నొక్కే ముందు ఏ సాకెట్టులో ఏముందో ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూడండి. అవతల ప్రార్థన జరుగుతున్నా సరే, ముఖ్యమంత్రి మాట్లాడుతున్నా సరే.

మోత

మాస్టరు ఓబులేసన్నతో మాట మానేశాడు. తిట్టలేదు, అరవలేదు, మాట మానేశాడు. అరిచి ఉంటే ఓబులేసన్న బతికిపోయేవాడు. ఆయన ఆ ట్రాన్సిస్టర్ల కోసం మద్రాసు పోయాడు, బెంగుళూరు పోయాడు, చచ్చిన రేడియోలు ఎన్ని విప్పాడో లెక్కలేదు. దుకాణానికి వచ్చినవాళ్ళను నేను చూసుకునేవాణ్ణి. ఆయన మూల కూర్చుని ఒక జత వేసి, విని, తల అడ్డంగా ఊపి, మళ్ళీ పీకేవాడు.

చివరికి ఒకనాడు "పోదాం పా" అన్నాడు. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. సిరివెళ్ళ గుంతల రోడ్డు మీద పెట్టె ఎగిరిపడకుండా చంటిపిల్లలాగా పట్టుకున్నాడు.

మాస్టరు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు, పొమ్మనలేదు. ఓబులేసన్న పెట్టె లోపల పెట్టి, గిటారు గోడ మీదినుంచి తనే తీసి ఇచ్చాడు. మాస్టరు కొంచెంసేపు వాయించి ఆపాడు.

"బాగుండాది" అన్నాడు. "కానీ ఇది అది కాదు."

"కాదు మాస్టరూ. నాకూ తెలుసు. యాడా దొరకల్యా."

ఇద్దరూ తలలు వంచుకున్నారు. ఓబులేసన్న చెయ్యి ఊరికే ఉండదు కదా, అలవాటుకొద్దీ రెండో నాబు తిప్పాడు. సుగుణమ్మక్క మైకు వైపు నాబు. సన్నగా మోత మొదలైంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ కాలలేదు, పాత చోటునే పక్కపక్కన ఉన్నాయి. అదే మోత, ఉన్నదున్నట్టు.

ఓబులేసన్న సిగ్గుపడిపోయాడు.

"ఇదొకటి పోల్యా. నాకు గ్యాపకమే ల్యాకపోయ. ఇప్పుడే విప్పి రేకు పెడతా, ఒక్క నిమిషం..."

జేబులోనుంచి స్క్రూడ్రైవరు తీశాడు. మాస్టరు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"తీయొద్దు ఓబులేసూ."

ఓబులేసన్నకు ముందు అర్థం కాలేదు. మాస్టరు నాబును ఇంకా కొంచెం పెంచి కళ్ళు మూసుకున్నాడు. గది నిండా ఆ మోత. మాస్టరు వెంటనే వాయించలేదు. ఒక మనిషి జనాన్ని ఒకసారి చూసి, గొంతు సవరించుకునేంతసేపు ఆగాడు. ఆయన ఎప్పుడూ అంతసేపు ఆగేది ఎవరికోసమో మా ముగ్గురికీ తెలుసు. అప్పుడు తీగ మీటాడు. పాటంతా వాయించాడు, చివరిదాకా. ఓబులేసన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

పాట అయ్యాక మాస్టరు, "కుచ్చో ఓబులేసూ, బువ్వ తిని పోదురు" అన్నాడు. జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి పెట్టాడు. వచ్చేటప్పుడు బస్సులో ఓబులేసన్న, "ఇన్నేండ్లు దాన్ని పీకి పారేద్దామనుకుంటినే దస్తగిరీ" అన్నాడు.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. మాస్టరు పోయేముందు పెట్టె ఓబులేసన్నకిచ్చాడు, ఓబులేసన్న పోయేముందు నాకిచ్చాడు. చీరతో సహా. మా ఇంట్లో కిటికీ పక్కన ఉంది. గిటారు నేర్చుకునే పిల్లలు అడిగితే ఇస్తాను. ముందు ట్రాన్స్‌ఫార్మరు డబ్బా చూపించమంటాను, ఫాంటం మీట దించానని నోటితో చెప్పమంటాను. తర్వాత మొదటి సాకెట్టులో గిటారు గుచ్చనిస్తాను, రెండో నాబు నేనే తిప్పుతాను. మోత రాగానే పిల్లలు "మామా, హమ్మింగు వస్తాంది" అంటారు. ఆగండ్రా, తొందరేం లేదు అంటాను. రెండో సాకెట్టులో మాత్రం ఇంతవరకూ ఎవరినీ మైకు పెట్టనివ్వలేదు.